ఆకే కదమ్మా, ఏం చేస్తుంది?

మొన్న సంక్రాంతికి మా వదిన ఇంటికి వెళ్తే, కాళ్ళు కడుక్కుని కూర్చోకముందే స్టీలు గ్లాసు నిండా పచ్చటి నీళ్ళు తెచ్చి చేతిలో పెట్టింది. పండగపూట పాయసం పెట్టే చేత్తో ఇదేమిటా అని చూశాను.

"తిప్పతీగ రసం. నేనూ మీ అన్నా రోజూ పరగడుపున తాగుతున్నాం. తాగు."

"నాకే జబ్బూ లేదు కదా వదినా!"

"జబ్బు రాకుండానే తాగమంటున్నా. ఆకే కదమ్మా, ఏం చేస్తుంది?"

ఆ మాటకీ నాకూ పాత పగ. గ్లాసు కింద పెట్టేశాను. వదిన ముఖం చిన్నబోయింది. 'నాలుగు నవలలు అచ్చయ్యేసరికి ఈవిడకి మనం కళ్ళకి ఆనడం లేదు' అని కూడా అనుకునే ఉంటుంది. పండగపూట ఆవిడతో వాదం పెట్టుకోలేక ఊరుకున్నాను. ఆ రోజు చెప్పని జవాబు ఇప్పుడు మీ అందరి ముందూ చెబుతున్నాను. ఆవిడ పక్షాన నిలుస్తారో, నా పక్షాన నిలుస్తారో చదివాక మీ ఇష్టం.

ముందే ఒప్పుకుంటున్నాను, నేను సైన్సు చదవలేదు. బి.ఏ.లో చరిత్రా, తెలుగూ చదివినదాన్ని. "నీకెందుకమ్మా ఈ సంగతులు?" అని అడిగేవాళ్ళకి ఒకటే మాట. నేను వంట చేస్తాను. దేవుడికి నైవేద్యం పెట్టే రోజు తప్ప, ఉప్పు చూడకుండా ఏనాడూ ఎవరికీ వడ్డించలేదు. మీరూ అంతే కదూ? చారులో ఉప్పు సరిపోయిందో లేదో నాలిక మీద వేసుకుని చూసే మనం, కడుపులోని కాలేయాన్ని బాగుచేస్తుందంటున్న పసరుని మాత్రం ఎందుకు చూడకుండా వడ్డిస్తున్నాం? నా వాదమంతా ఇంతే. మిగతాది నా కోపం.

మాది తనకల్లు. కదిరి నుంచి మదనపల్లెకి పోయే దారిలో ఉంటుంది. వానలు తక్కువ, వేరుశనగ ఎక్కువ, ఎండ మరీ ఎక్కువ. ఆ ఎండలో పెరిగిన చెట్టుకి మందుగుణం ఎక్కువని మా అవ్వ నమ్మకం. జ్వరానికి నేలవేము, వేసవికి నన్నారి, చక్కెర జబ్బుకి వేగిస చెక్కతో చేసిన గ్లాసులో రాత్రంతా నిలవుంచిన నీళ్ళు. ఇంటి చుట్టూ ఉన్న కలుపు మొక్కలన్నిటికీ ఆవిడ దగ్గర పేరూ ఉండేది, పనీ ఉండేది. ఆవిడని చూసి నవ్వేదాన్ని కాను నేను. వేగిస చెక్క విషయంలో ఆవిడ మాట వట్టి మాట కాదని తరవాత తెలిసింది. భారత వైద్య పరిశోధన మండలి ఆ చెక్కని కొత్తగా చక్కెర జబ్బు వచ్చిన 97 మందికి ఇచ్చి చూసి, 67 మందికి చక్కెర అదుపులోకి వచ్చిందని 1998లో ప్రకటించింది. అవ్వ మాటకి ఆ లెక్క తోడయ్యాక దాని విలువ పెరిగిందే కాని తరగలేదు. నేనడిగేది ఆ రెండోదే.

మా తమ్ముడికి పద్నాలుగో ఏట పచ్చకామెర్లు వచ్చాయి. కళ్ళు పసుపు ముద్దల్లా అయిపోయాయి. తనకల్లుకి కొన్ని మైళ్ళ దూరంలో ఒక పల్లె ఉంది. పేరు చెప్పను. అక్కడ ఆదివారం తెల్లవారుజామున పసరు ఇస్తారు. మా నాన్న వాణ్ణి సైకిల్ మీద కూర్చోబెట్టుకుని చీకటితోనే వెళ్ళాడు. ఒక పెద్దాయన ఏదో ఆకు నూరి, మజ్జిగలో కలిపి తాగించాడు. ఉప్పూ కారం నూనే లేకుండా మజ్జిగన్నం పథ్యం. మూడు ఆదివారాలు అలా వెళ్ళొచ్చేసరికి వాడి కళ్ళు తెల్లబడ్డాయి. మా ఇంట్లో ఆ పెద్దాయన దేవుడైపోయాడు. అందులో తప్పేముంది? దుడ్డు తీసుకోలేదు, దూరం పెట్టలేదు.

ఏడెనిమిదేళ్ళ తరవాత మా చిన్నమ్మ కూతురికి కామెర్లు వచ్చాయి. అప్పుడు దానికి ఏడో నెల. పురిటికని పుట్టింటికి వచ్చి ఉంది. ఇంట్లో ఎవరికీ ఆలోచించాల్సిన అవసరమే కలగలేదు. ఆదివారం, చీకటి, అదే పల్లె, అదే పసరు. రెండు ఆదివారాలు వెళ్ళొచ్చింది. మూడో ఆదివారం ప్రయాణం కాబోతుండగా అది తన తల్లిని గుర్తుపట్టలేదు. కారు మాట్లాడి బెంగుళూరు ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి పెద్ద ప్రాణమూ చిన్న ప్రాణమూ రెండూ పోయాయి.

తమ్ముడు బతికింది పసరు వల్లనే అని ఇప్పటికీ చెప్పే మా బంధువుల్లో ఒక్కరు కూడా, చెల్లెలు పోయింది పసరు వల్ల అనరు. "దాని రాత" అంటారు. తగ్గితే పసరు మహిమ, తగ్గకపోతే రాత. ఇంత లాభసాటి లెక్క ఏ షావుకారు దగ్గరా ఉండదేమో!

మీరు నన్ను అపార్థం చేసుకోకండి. పసరే దాన్ని చంపిందని నేనూ అనను. పసరు చంపిందో, ఆస్పత్రికి పోకుండా గడిచిన ఆ రెండు వారాలు చంపాయో, ఆ జబ్బే చంపిందో నాకు తెలియదు. ఆ పసరిచ్చిన ఆయనకీ తెలియదు. ఆ ఆకు కడుపుతో ఉన్నదాని ఒంట్లో ఏం చేస్తుందో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. నాకు కోపం అందుకే.

కిందటేడు ఆ పల్లెకి వెళ్ళాను. పెద్దాయన లేడు, కొడుకు ఇస్తున్నాడు. మంచి మనిషి. నీడలో మంచం వేసి కూర్చోబెట్టాడు.

"ఏమి ఆకన్నా ఇది?" అన్నాను.

"చెప్పగూడదు తల్లీ. చెప్తే గుణం పోతాది."

"కడుపుతో ఉన్నోళ్ళకి ఇయ్యొచ్చునా?"

"మా నాయన ఇచ్చినాడు. నేనూ ఇస్తాండా."

"ఎవరికైనా మేలు కాకుంటే నీకు తెలుస్తుందా?"

కాసేపు ఆలోచించాడు పాపం. "మేలైనోళ్ళు టెంకాయ తీస్కోని మళ్ళీ వస్తారమ్మా. కానోళ్ళు రారు గదా!" అన్నాడు.

అబద్ధం ఆడని మనిషి. వందేళ్ళుగా మన ఇళ్ళల్లో పసరుకి వచ్చిన కీర్తి రహస్యమంతా ఆ ఒక్కమాటలో చెప్పేశాడు. టెంకాయలు లెక్కపెట్టుకుంటున్నాం. రానివాళ్ళని లెక్కపెట్టే నాథుడు లేడు. మందుని పరీక్షించడం అంటే, పెద్ద పెద్ద మాటలన్నీ తీసేస్తే, ఆ రానివాళ్ళని కూడా లెక్కపెట్టడమే.

కామెర్ల సంగతే చూడండి. కామెర్లు ఒక జబ్బు కాదు, జబ్బు గుర్తు. కలుషితమైన నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ కావచ్చు. రక్తం ద్వారా పాకే బి, సి కావచ్చు. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా కళ్ళు పచ్చబడతాయి, మందులు వికటించినా పచ్చబడతాయి. నీళ్ళ వల్ల వచ్చేవి చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. పసరు తాగినా తగ్గుతాయి, తాగకపోయినా తగ్గుతాయి. మా తమ్ముడికి వచ్చింది అదే అయ్యుంటుంది. కాని అదే హెపటైటిస్ ఇ నెలలు నిండుతున్న గర్భిణికి వస్తే నూటికి ఇరవై, ఇరవైఐదుమంది దాకా ప్రాణాలు కోల్పోవచ్చు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న మాట. రాయి అడ్డుపడినవాడికి ఏ ఆకు నూరి పోసినా రాయి కదలదు. వీళ్ళందరికీ ఒకే గ్లాసు, ఒకే ఆదివారం!

"అయితే మన ఆకుల్ని ఎవరూ పరీక్షించలేదా?" అంటారేమో. ఎందుకు పరీక్షించలేదూ! నేలఉసిరి కథ వినండి. హెపటైటిస్ బి వైరస్‌ని కనిపెట్టి 1976లో నోబెల్ బహుమతి అందుకున్న బ్లూంబర్గ్ అంతటివాడు మన నేలఉసిరి మీద మద్రాసు శాస్త్రజ్ఞులతో కలిసి పనిచేశాడు. 1988లో 'లాన్సెట్' అనే వైద్యపత్రికలో వాళ్ళ ఫలితం వచ్చింది. వైరస్ ఒంట్లో ఉండిపోయినవాళ్ళకి నెలరోజులు నేలఉసిరి పొడి ఇస్తే 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు మాయమైంది. ఉత్తుత్తి మందు ఇచ్చిన 23 మందిలో ఒక్కరికే మాయమైంది. అది చదివితే మా అవ్వ ఎగిరి గంతేసేది. అయితే తరవాత థాయిలాండ్‌లోనూ మరికొన్నిచోట్లా అదే పరీక్ష చేస్తే ఆ ఫలితం మళ్ళీ రాలేదు. మొదటిది వినగానే పండగ చేసుకున్నవాళ్ళు రెండోది వినలేదు. ఈ రోజుకీ నేలఉసిరి పేరు చెప్పి సీసాలు అమ్ముతున్నారు. ఒకసారి గెలిచినంత మాత్రాన సరిపోదు, మళ్ళీ మళ్ళీ గెలవాలి. కొత్తకోడలు మొదటిరోజు చేసిన వంట బాగుందని ఇంటి తాళాలు ఇచ్చేస్తామా ఏమిటి?

ఇక విశ్వవిద్యాలయాల్లో జరిగే పరీక్షలు. పాఠాలు చెప్పే మా స్నేహితురాలొకామె ఓసారి నాకు ఈ వ్యవహారమంతా వివరించింది. ఆకుని ఎండబెట్టి, పొడిచేసి, ఆల్కహాల్‌లోనో మరో ద్రవంలోనో నానబెట్టి సారం తీస్తారు. ముందు ఎలుకలకి పెద్ద మోతాదులో పట్టించి, పద్నాలుగు రోజులు చస్తాయా బతుకుతాయా అని చూస్తారు. అది భద్రత పరీక్ష. ఆ తరవాత రక్షణ పరీక్ష. కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే విషమో, లేకపోతే మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాలే మితిమీరిన మోతాదులోనో ఇచ్చి ఎలుక కాలేయాన్ని చెడగొడతారు. ఒక గుంపుకి ఆకుసారం ఇస్తారు, ఒక గుంపుకి ఇవ్వరు. రక్తం తీసి ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. కొలుస్తారు. కాలేయం ముక్క కోసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. సారం తాగిన ఎలుక కాలేయం తక్కువ చెడితే 'ఈ ఆకుకి కాలేయాన్ని రక్షించే గుణం ఉంది' అని రాస్తారు. డాక్టరేట్ వస్తుంది.

మంచిదే. నేను వాళ్ళ శ్రమని తక్కువ చేయడం లేదు. కాని నాలుగు ప్రశ్నలడుగుతాను. ఆల్కహాల్‌లో తీసిన సారమూ, మజ్జిగలో నూరిన పసరూ ఒకటేనా? ఈ పరీక్షల్లో చాలావాటిలో ఆకుసారం విషానికి ముందే ఇస్తారు. మనవాళ్ళు కళ్ళు పచ్చబడ్డాక కదా పరుగెత్తేది! ముందు కట్టిన గొడుగూ, తడిసిపోయాక తెచ్చిన గొడుగూ ఒకే పని చేస్తాయా? పద్నాలుగు రోజులు ఎలుక బతికితే, ఏడాది పొడుగునా రోజూ తాగే మా వదిన సంగతేమిటి? కడుపుతో ఉన్న ఆడదాని సంగతి ఎవరు చూశారు? వీటికి జవాబులు రాకముందే ఆ పుస్తకం అట్ట వేసుకుని బీరువా ఎక్కుతుంది. మందు మాత్రం పల్లెలో పాతపద్ధతిలోనే నడుస్తూంటుంది. రక్తపరీక్ష ఎలుకకి, పసరు మనిషికి! ఆ ఎలుకకున్న భాగ్యం మా చిన్నమ్మ కూతురికి లేకపోయింది.

"ఆకులో విషం ఉంటుందా?" అని బుగ్గలు నొక్కుకునేవాళ్ళకి బెల్జియం ఆడవాళ్ళ సంగతి చెప్పాలి. 1990ల మొదట్లో బ్రసెల్స్‌లో సన్నబడ్డానికని కొందరు ఆడవాళ్ళు మూలికల మాత్రలు వేసుకున్నారు. ఒక చైనా మూలిక బదులు పొరపాటున ఇంకో మూలిక కలిసింది. 1993లో డాక్టర్లు సంగతి బయటపెట్టారు. వందమందికి పైగా మూత్రపిండాలు చెడిపోయాయి. కొందరికి తరవాత మూత్రనాళాల్లో కాన్సర్ కూడా కనిపించింది. ఆ పొరపాటు మూలిక ఎవరిదో కాదు, మన నల్ల ఈశ్వరి, గాడిదగడపాకు ఉన్న కుటుంబానిదే. గాడిదగడపాకు మా చేలగట్ల మీద కనబడుతుంది. పిల్లలకి నులిపురుగులు పోతాయని నూరి పోసినవాళ్ళని నేనెరుగుదును. నులిపురుగులు పోయినట్టు మర్నాడే కనబడుతుంది. మూత్రపిండం పోయేది ఏళ్ళ తరవాత కదా, ఆకుకీ దానికీ ముడి ఎవరు పెడతారు?

మా వదిన తిప్పతీగకీ ఒక కథ ఉంది. కరోనా రోజుల్లో దేశమంతా దాన్ని తాగింది. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ తాగిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నట్టు రాశారు. ఆయుష్ మంత్రిత్వశాఖ ఒప్పుకోలేదు. వాళ్ళు తాగింది అసలు తిప్పతీగ కాకపోవచ్చు, దాన్ని పోలిన ఇంకో తీగ కావచ్చునంది. సరే, మంత్రిత్వశాఖ మాటే నిజమనుకుందాం. అప్పుడు నా భయం ఇంకా పెరుగుతుంది. మా వదిన కుండీలో ఉన్నది ఏ తీగ? నర్సరీవాడు చెప్పిన పేరు తప్ప ఆవిడ దగ్గర ఇంకేం ఆధారముంది?

కృష్ణపట్నం సంగతి మీకందరికీ గుర్తుండే ఉంటుంది. 2021 మే నెలలో ఆనందయ్యగారి మందు కోసం నెల్లూరు జిల్లాలోని ఆ ఊరికి జనం వేలకి వేలు పోయారు. ఆస్పత్రుల్లో మంచాలు దొరకని రోజులవి. వాళ్ళని తప్పుపట్టే నోరు నాకు లేదు. ప్రభుత్వం పంపిణీ ఆపించింది, ఆయుర్వేద నిపుణులు పరిశీలించారు. హాని కనబడలేదు, కరోనా తగ్గిస్తుందనడానికి రుజువూ లేదు అన్నారు. మే 31న ప్రభుత్వం అనుమతి ఇచ్చింది, కంట్లో వేసే చుక్కలకి తప్ప. వాటికి ఇంకా పరీక్షలు కావాలంది. కంటికి చూపించిన ఆ శ్రద్ధ అన్నిటికీ చూపించమనే నేనడుగుతున్నది. అక్కడ రెండు గుంపులు తయారై ఒకరు 'మహిమ' అని, ఒకరు 'మూఢనమ్మకం' అని కొట్టుకున్నారు. తాగినవాళ్ళెవరు, తాగనివాళ్ళెవరు, ఎవరికెలా ఉంది అని మొదటిరోజు నుంచీ పద్దు రాసి ఉంటే ఆ కొట్లాట సగం తీరేది.

పరీక్షకి పెడితే మన ఆకుల పరువు పోతుందని భయపడేవాళ్ళకి రెండు సంగతులు.

మన గుమ్మం పక్కన పూసే బిళ్ళగన్నేరుని 1950ల్లో కెనడాలో పరీక్షించారు. చక్కెర జబ్బుకి పనికొస్తుందని విని మొదలుపెడితే, ఎలుకల రక్తంలో తెల్లకణాలు పడిపోవడం కనబడింది. అక్కణ్ణించి పుట్టినవే పిల్లల రక్తకాన్సర్‌కి ఇచ్చే మందులు. చూశారా, పరీక్షిస్తే అదే మొక్క పసిపిల్లల్ని బతికించింది. చక్కెర తగ్గుతుందని పరీక్ష లేకుండా ఆ ఆకులు నమిలే మన పెద్దవాళ్ళకి మాత్రం, తాము తెల్లకణాల్ని పడగొట్టే మొక్కని నములుతున్నామని తెలియదు.

రెండోది చైనా శాస్త్రవేత్త తూ యూయూ కథ. వినాయకచవితి పత్రిలో ముందుగా వచ్చే మాచిపత్రికి దగ్గర చుట్టమైన ఒక మొక్క మలేరియాకి పనిచేస్తుందని పదహారు వందల ఏళ్ళనాటి వైద్యగ్రంథంలో ఉంది. కాచి చూస్తే పనిచేయలేదు. ఆవిడ ఆ పాతపుస్తకం మళ్ళీ తీసి చదివింది. అందులో కాచమని లేదు, నీళ్ళలో నానబెట్టి పిండి రసం తాగమని ఉంది. పసరే! వేడి తగిలితే గుణం పోతోందని గ్రహించి చల్లగా సారం తీసింది. 1972లో రోగులకి ఇవ్వకముందు తానూ తన సహచరులూ మింగి చూశారు. ఉప్పు చూసినట్టే! 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. పాతపుస్తకాన్ని అంత గౌరవించిన మనిషి కూడా దాని మాటని పరీక్షించకుండా వదిలిపెట్టలేదు.

ఇంక డాక్టర్లకీ నాలుగు మాటలు. పసరు తాగామని చెప్పగానే మొహం మీద కసురుకుంటారు. దాంతో రెండోసారి మా ఆడవాళ్ళు నిజం చెప్పరు. ఏ ఆకు తాగారో తెలియకుండా మీరు మందివ్వడం మీకూ మంచిది కాదు కదా! కసరకండి, అడిగి రాసుకోండి.

పసరిచ్చేవాళ్ళ మీద పోలీసుల్ని పంపమని నేననను. వాళ్ళ దగ్గరకి వృక్షశాస్త్రం తెలిసినవాళ్ళని పంపమంటాను. ఆకు ఏదో తేల్చండి. వాళ్ళ పేరు, వాళ్ళ వాటా పోకుండా చూడండి. కేరళలో కాణి గిరిజనులు చూపించిన మొక్కతో మందు తయారుచేసి వచ్చినదాంట్లో వాళ్ళకి వాటా ఇచ్చారు. 2002లో జీవవైవిధ్య చట్టం కూడా వచ్చింది. గుణం పోతుందన్న భయం కన్నా వాటా పోతుందన్న భయం తీరిస్తే సగం నోళ్ళు విప్పుతాయి. ఎలుకల దగ్గర ఆగిపోయిన పుస్తకాల్లో పనికొచ్చేవాటిని మనుషుల దాకా, పద్ధతిగా తీసుకురండి. ఈ లోపల ఒక్క చిన్న నియమం పెట్టండి. కళ్ళు పచ్చబడితే ముందు రక్తపరీక్ష, తరవాతే ఏ గ్లాసయినా. కడుపుతో ఉన్న ఆడదానికి మాత్రం ఏ ఆకూ వద్దు, నేరుగా ఆస్పత్రికే.

ఈ నియమం ప్రభుత్వం పెట్టేదాకా ఆగనక్కర్లేదు. మన వంటింటి గుమ్మం దగ్గర మనమే పెట్టుకోవచ్చు. ఎందుకంటే పసరు ఎవరు నూరినా, తాగించేది మనమే. బిడ్డ ముక్కు మూసి నోట్లో పోసేది మనమే, కోడలికి పథ్యం వండేది మనమే. ఆదివారం చీకటితో లేచి, కారు కోసం వాకిట్లో నిలబడి, మా చిన్నమ్మ కూతురికి ధైర్యం చెప్పినవాళ్ళల్లో నేనూ ఉన్నాను. "ఆకే కదే, ఏం చేస్తుంది?" అని ఆ రోజు దానితో అన్నది నేనే.

ఆ మాటకీ నాకూ పాత పగ అన్నాను కదా.

వదినా, ఈ పేజీ నువ్వు తప్పకుండా చదువుతావని నాకు తెలుసు. నీ గ్లాసుని నేను అవమానించలేదు. నైవేద్యానికి ఉప్పు చూడం, దేవుడు ఏమీ అనుకోడు కాబట్టి. మనుషులకి పెట్టేది మాత్రం చూసి పెడదాం. వచ్చే వారం నీ కుండీలో తీగ ఒక రెమ్మ తెంచి పంపు. కాలేజీలో మా స్నేహితురాలికి చూపించి అదేమిటో కనుక్కుని చెబుతాను. అందాకా నువ్వూ అన్నయ్యా పరగడుపున ఓ గ్లాసు మంచినీళ్ళు తాగండి, కాచి చల్లార్చినవి.